అన్‌బుక్డ్ కేసు: నాగ్‌పాడా దవాఖానాకూ తల్లిగారింటికీ మధ్య మన ఆడపిల్లలు

ఈసారి పోస్టు కాస్త పెద్దది. తీరిగ్గా చదవండి. ఇంట్లో కడుపుతో ఉన్న కోడలో కూతురో ఉంటే వాళ్లకు కూడా చదివి వినిపించండి.

మన ప్రసూతి వార్డుల్లో డాక్టర్ల నోట ఒక మాట తరచుగా వినిపిస్తుంది, ‘అన్‌బుక్డ్ కేసు’ అని. అంటే ఈ గర్భిణి పేరు ఇక్కడ ముందు రాయించుకోలేదు, నొప్పులు మొదలయ్యాక నేరుగా వచ్చింది అని అర్థం. ఆమె రక్తం గ్రూపు ఏమిటో, ఒంట్లో నెత్తురు ఎంత ఉందో, బీపీ ఎప్పటి నుంచి పెరుగుతోందో అక్కడ ఎవరికీ తెలియదు. రాత్రి రెండు గంటలకు అన్నీ మొదటి నుంచి తెలుసుకోవాలి. మన ఆడపిల్లల విషయంలో ఇంకో వింత ఉంది. ఆరేడు నెలలు ఇక్కడ నాయర్‌లోనో జేజేలోనో మున్సిపాలిటీ ప్రసూతి గృహంలోనో బుద్ధిగా చూపించుకుంటారు. సీమంతం కాగానే కాన్పుకు సిరిసిల్లకో నిజామాబాద్‌కో పాలమూరుకో తల్లిగారింటికి పోతారు. ఫైలు ఇక్కడే ఖోలీలో ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. అంతే, ఇక్కడ బుక్డ్, అక్కడ అన్‌బుక్డ్.

ఈ చిక్కు ఇవాళ్టిది కాదు, వందేళ్ల నాటిది. బొంబాయి నగర లెక్కల్నే తలకిందులు చేసిన చిక్కు ఇది. ఆ కథ చెబితే, దవాఖానాకు పోయిన ప్రతిసారీ సూది ఎందుకు, మూత్రం డబ్బా ఎందుకు, ఆ ఎర్ర గోళీలు ఎందుకు అన్నది కూడా అర్థమవుతుంది.

కామాటిపురా పుట్టుక మనలో చాలామందికి తెలిసిందే, అందుకే క్లుప్తంగా చెబుతాను. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయి, సముద్రం లోపలికి రావడం ఆగాక బొంబాయి దీవుల మధ్య పల్లపు నేల బయటపడింది. ఆ నేల పూడ్చడానికి, రోడ్లు వేయడానికి, గోడలు లేపడానికి నిజాం రాజ్యం నుంచి వచ్చిన తెలుగు కూలీలే కామాటీలు. తరువాత మిల్లులు వచ్చాయి. పద్మశాలీలు ఊళ్లో మగ్గం గుంట వదిలి మిల్లు సాంచెల దగ్గరికి చేరారు. ఆడవాళ్లు తట్ట మోశారు, మిల్లుల్లో చేశారు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టారు. నెల తప్పినా పని తప్పేది కాదు.

ఆ రోజుల్లో గర్భిణిని ముందుగా చూడటం అన్న ఆలోచనే లేదు, ఇక్కడే కాదు, లండన్‌లో కూడా లేదు. నొప్పులు వచ్చాకే మంత్రసానికి కబురు. ఆమె అనుభవాన్ని నేను తక్కువ చేయను, అడ్డం తిరిగిన బిడ్డను చేత్తో సరిచేసిన ముసలమ్మల గురించి మన పెద్దలు చెప్పగా విన్నాం. కానీ ఆమె పని కాన్పు నాటిది. ఆరో నెలలో ముఖం ఉబ్బితే దాని వెనక ఏముందో ఆమెకు తెలిసే దారి లేదు.

ఇక్కడ ఒక ముచ్చట. మహాత్మా ఫూలే, సావిత్రీబాయి 1863లో పుణేలో భ్రూణహత్యలను ఆపడానికి ఒక ఆశ్రయం తెరిచారు. గర్భవతులైన వితంతువులు అక్కడికి వచ్చి ఎవరికీ జవాబు చెప్పుకోకుండా కాన్పు చేసుకుని పోవచ్చు. అలా పుట్టిన ఒక బిడ్డనే వాళ్లు యశ్వంత్ పేరుతో పెంచుకున్నారు. ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవాళ్లలో వెంకు బాళాజీ కాళేవార్, జాయా కరాడీ లింగు వంటి మన తెలుగువాళ్లు ఉన్నారు. గర్భిణి బాగోగులు ఆమె ఇంటి గొడవ మాత్రమే కాదు, నలుగురి బాధ్యత అన్న ఆలోచనతో మన పెద్దలకు అంత దగ్గరి సంబంధం ఉంది. మన సంఘాల చరిత్ర రాసేవాళ్లు గుళ్ల గురించి, భజన మండళ్ల గురించి రాసినంతగా దీని గురించి రాయరు, అదొక లోటు.

ఆసుపత్రులు మనకు దూరమేమీ కాదు. జేజే 1845 నుంచి పక్కనే ఉంది. ఆడవాళ్ల కోసం ఆడ డాక్టర్లే నడిపే కామా ఆసుపత్రి 1886లో తెరిచారు, దాన్ని నడపడానికి ఎడిత్ పీచీ అనే డాక్టరమ్మ ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1926లో పరేల్‌లో మిల్లు కార్మికుల కుటుంబాల కోసం నౌరోస్‌జీ వాడియా ప్రసూతి ఆసుపత్రి వచ్చింది. అయినా చాళ్ల ఆడవాళ్లు అంత తొందరగా గడప దాటలేదు. దవాఖానా అంటే చావు దగ్గరపడినప్పుడు పోయే చోటు అన్న భయం చాలా కాలం ఉంది.

చాళ్లలో కాన్పులు ఎలా జరిగేవో మనకు సాక్ష్యం ఉంది. 1920ల మొదట్లో బొంబాయి ప్రభుత్వ లేబర్ ఆఫీసు మిల్లు ఆడవాళ్ల ప్రసవాల పరిస్థితి చూడమని డాక్టర్ బార్న్స్ అనే లేడీ డాక్టర్‌ని నియమించింది. ఆమె నివేదిక 1922లో లేబర్ గెజిట్‌లో వచ్చింది. ఒక చాళ్ రెండో అంతస్తులో దాదాపు 15 అడుగులకు 12 అడుగులు ఉన్న ఒకే గదిలో ఆరు కుటుంబాలు, 30 మంది ఉండటం ఆమె చూసింది. నేల మీద ఆరు పొయ్యిలు. ఆ గదిలోని ఆరుగురు ఆడవాళ్లలో ముగ్గురు నెలలు నిండినవాళ్లు. కాన్పు ఎక్కడ అని అడిగితే, తోడు వచ్చిన నర్సు మూడడుగులకు నాలుగడుగుల చోటు చూపించింది, దానికి అడ్డంగా ఒక తెర కడతారట. పని మీద పోయే తల్లులు పిల్లలు ఏడవకుండా నల్లమందు గోళీలు పెట్టడం ఎంత ఎక్కువగా ఉందో కూడా ఆమె రాసింది. తల్లుల్ని తిట్టడానికి కాదు, వేరే దారి లేదని చెప్పడానికి. చాళ్‌లో పుట్టి పెరిగిన మనకు ఆ తెర సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

అసలు విషయానికి వస్తున్నాను. 1921లో బొంబాయి నగరంలో నమోదైన ప్రతి 1000 జననాలకు ఏడాది లోపు శిశు మరణాలు 666. ఒంటిగది ఇళ్లలో అయితే 828. అంటే పుట్టిన ముగ్గురిలో ఇద్దరు. ఈ అంకె చూసి లోకమంతా నోరు వెళ్లబెట్టింది, ఇప్పటికీ బొంబాయి చరిత్ర పుస్తకాల్లో కనిపిస్తుంది.

కానీ ఆ అంకెలో ఒక మెలిక ఉంది. కూలికి వచ్చినవాళ్ల ఆడవాళ్లు కాన్పుకు ఊరికి పోయేవాళ్లు. కొంకణం వాళ్లు కొంకణానికి, మనవాళ్లు తెలంగాణకు. బిడ్డ పుట్టింది ఊళ్లో కాబట్టి జననం బొంబాయి రిజిస్టర్‌లో ఉండదు. మూడు నెలలో ఐదు నెలలో అయ్యాక తల్లీబిడ్డా చాళ్‌కు తిరిగి వస్తారు. ఇక్కడి తడి గోడలకు, మురికి నీళ్లకు, విరేచనాలకు బిడ్డ పోతే ఆ మరణం మాత్రం బొంబాయి రిజిస్టర్‌లో ఎక్కుతుంది. కింద రాయాల్సిన జననాల సంఖ్య తగ్గింది, పైన రాసే మరణాల సంఖ్య పెరిగింది. అందుకే ఆ లెక్క నిజం కంటే పెద్దదిగా కనిపించిందని ఆనాటి అధికారులే వాదించారు. వాళ్లు చెప్పింది సగం సాకు, సగం నిజం. చాళ్లలో పిల్లలు రాలిపోయిన మాట అబద్ధం కాదు. అయితే రెండు ఊళ్ల మధ్య తిరిగే తల్లిని ఏ ఊరి లెక్కా పూర్తిగా పట్టుకోలేదన్నది కూడా అంతే నిజం. పుట్టుక ఒక పుస్తకంలో, చావు ఇంకో పుస్తకంలో. మధ్యలో తల్లి ఏ పుస్తకంలోనూ లేదు.

ఆమె కోసం చట్టం కావాలన్న మాట అప్పుడే మొదలైంది. 1919 నాటి అంతర్జాతీయ కార్మిక ఒడంబడిక తరువాత ఎన్.ఎం.జోషి ఢిల్లీ శాసనసభలో బిల్లు పెట్టారు, అది నెగ్గలేదు. 1928లో బొంబాయి కౌన్సిల్‌కు ప్రసూతి ప్రయోజనాల బిల్లు వచ్చినప్పుడు డాక్టర్ అంబేడ్కర్ దాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. కాన్పుకు ముందూ తరువాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, దాని భారంలో పెద్ద వాటా ప్రభుత్వం మోయాలని ఆయన వాదన. 1929లో చట్టం అయింది, దేశంలో ఇలాంటిది మొదటిది బొంబాయిలోనే. రోజుకు 8 అణాల చొప్పున కొన్ని వారాలు ఇవ్వాలి. అయితే అది ఫ్యాక్టరీలకే వర్తించింది. తట్ట మోసే కామాటి ఆడమనిషికి, ఇంట్లో బీడీలు చుట్టే ఆమెకు 8 అణాల మాట అటుంచి 8 పైసలు కూడా రాలేదు. పైగా డబ్బు యజమానే కట్టాలి కాబట్టి మిల్లుల వాళ్లు ఆడవాళ్లను పెట్టుకోవడమే తగ్గించారని తరువాత ఎంతోమంది రాశారు. 1961లో దేశమంతటికీ చట్టం వచ్చింది, 2017లో సెలవు 26 వారాలు అయింది. ఇంటి దగ్గర పని చేసే మన ఆడవాళ్లకు ఆ 26 వారాలు ఇప్పటికీ పేపర్లో చదువుకునే సంగతే.

అదే సమయంలో మన పక్కనే ఇంకొకటి జరిగింది. నా దృష్టిలో ఈ కథ అంతటిలోకీ గొప్పది ఇదే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయికి వచ్చింది. ఇక్కడి పేద గర్భిణులకు విపరీతమైన రక్తహీనత వస్తోంది, ఎందుకో కనిపెట్టాలి. పరేల్‌లోని హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్ ఆమె ల్యాబు. మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు, ఘోషాలో ఉండే పేద ముస్లిం ఆడవాళ్లు ఏం తింటున్నారో ఇంటింటి వివరం సేకరించారు. ఆ తిండినే కోతులకు పెట్టి చూశారు, వాటికీ నెత్తురు తగ్గింది. అప్పుడు మార్మైట్ పెట్టి చూశారు. మార్మైట్ అంటే బీరు తయారీలో మిగిలే ఈస్టుతో చేసే నల్లటి లేహ్యం, ఇంగ్లండ్‌లో రొట్టె మీద రాసుకుని తింటారు. కోతులు తేరుకున్నాయి, తరువాత అది తిన్న గర్భిణులు కూడా తేరుకున్నారు. 1931లో ఆమె ఆ ఫలితాలు ప్రచురించింది. మార్మైట్‌లో ఉన్న ఆ తెలియని పదార్థాన్ని ‘విల్స్ ఫ్యాక్టర్’ అన్నారు. పదేళ్ల తరువాత, 1941లో అమెరికాలో పాలకూర నుంచి దాన్ని వేరు చేసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నెల తప్పగానే డాక్టర్ రాసే చిన్న గోళీ ఉంది కదా, అదే. దాన్ని ముందు నుంచి వేసుకుంటే బిడ్డ వెన్నుపూసలో, మెదడులో వచ్చే లోపాలు చాలా వరకు రావని 1991లో పెద్ద అధ్యయనం తేల్చింది. ప్రపంచంలో ఏ మూల గర్భిణి ఆ గోళీ మింగినా, దాని వెనక బొంబాయి చాళ్ల ఆడవాళ్ల నెత్తురు బొట్టు ఉంది. మన పరేల్, మన భాయ్‌ఖళా. అలాంటిది మన కోడళ్లే ఆ గోళీలు వాంతి వస్తోందని చెప్పి షెల్ఫ్‌లో పెడుతున్నారు.

సరే, గర్భిణిని ముందుగా, మాటిమాటికీ చూడాలన్న పద్ధతి ఎక్కడిది? ఎడిన్‌బరోలో బాలంటైన్ అనే డాక్టర్ 1901లో గర్భిణుల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి పడకలు కావాలని రాశాడు. 1929లో బ్రిటిష్ ఆరోగ్యశాఖలో జానెట్ క్యాంప్‌బెల్ ఒక వరస గీసింది. అక్కడి నుంచే మన డాక్టర్ల నోట ఉన్న లెక్క వచ్చింది: ఏడో నెల దాకా నెలకోసారి, తరువాత పదిహేను రోజులకోసారి, చివరి నెలలో వారం వారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో నాలుగుసార్లు చాలన్నది. ఆ పద్ధతిలో కొన్నిచోట్ల బిడ్డల మరణాలు పెరిగినట్టు కనబడటంతో 2016లో ఎనిమిదిసార్లు అని మార్చింది. మన దేశంలో ప్రభుత్వం చెప్పే కనీసం నాలుగు: 12 వారాల లోపు ఒకటి, 14 నుంచి 26 వారాల మధ్య ఒకటి, 28 నుంచి 34 మధ్య ఒకటి, 36 దాటాక ఒకటి. నాలుగు అంటే కనీసం అని గుర్తు పెట్టుకోండి, నాలుగుతో సరిపెట్టుకోమని కాదు.

ఇక కిటికీ దగ్గర కేసు పేపర్ తీసుకున్నాక ఏం జరుగుతుందో చెబుతాను. మొదటిసారి అన్నింటికంటే ఎక్కువ సమయం పడుతుంది, ఆ రోజు కూలి పోతుందనే లెక్కలో వెళ్లండి. చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందో తేదీ అడుగుతారు, కాన్పు తేదీ దాని మీదే లెక్క కడతారు. ‘దీపావళి ముందట’ అంటే వాళ్లకు పనికిరాదు. ఇంతకుముందు కాన్పులు, పోయిన గర్భాలు, ఆపరేషన్లు అడుగుతారు. అత్తగారి ముందు చెప్పుకోలేనివి ఉంటే డాక్టర్‌తో విడిగా మాట్లాడాలని అడగవచ్చు. మనవాళ్లను తప్పకుండా అడిగేది ఇంకొకటి: దగ్గరి సంబంధమా, మేనరికమా అని. చాలామంది నామోషీ పడి కాదంటారు. మేనమామనో మేనబావనో చేసుకోవడం మనలో తప్పేమీ కాదు, వాళ్లు తప్పు పట్టడానికి అడగడం లేదు. కొన్ని రక్త జబ్బులు అలాంటి ఇళ్లలో బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ, దాన్ని బట్టి భార్యాభర్తలిద్దరికీ పరీక్ష రాస్తారు.

తరువాత బరువు, బీపీ, మూత్రం. ఈ మూడూ ప్రతిసారీ ఉంటాయి. అసలు అన్నిసార్లు తిప్పడంలో ఉన్న కిటుకు ఇదే. ఒకరోజు బీపీ 130 ఉంటే దానికి అర్థం లేదు. నాలుగో నెలలో 100, ఆరులో 115, ఎనిమిదిలో 140 అయి, మూత్రంలో ప్రోటీన్ కనబడితే అది ఫిట్స్ దాకా పోగల జబ్బుకు ముందస్తు గంట. ఆ గంట వినపడాలంటే పాత అంకెలన్నీ ఒకే కాగితం మీద ఉండాలి. అందుకే కాగితం పోగొట్టుకోవద్దని ఇంతగా పోరు పెడుతున్నాను.

నెత్తురు పరీక్షలో హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ప్రమాదం. మట్టి, బలపం, పచ్చి బియ్యం తినాలనిపిస్తే వేవిళ్ల కోరిక అని నవ్వేసి ఊరుకోకండి, నర్సుకు చెప్పండి, తరచుగా అది ఐరన్ తక్కువైన గుర్తు. మూడు నెలలు దాటాక ఐరన్ గోళీ రోజుకొకటి, కనీసం 180 రోజులు. మలం నల్లగా వస్తుంది, భయపడక్కర్లేదు. చాయ్‌తో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం గోళీతో కలిపి వేసుకున్నా అంతే, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకోండి. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని మన ముసలమ్మలు చెప్పే మాట మాత్రం వినకండి. ఆ మాట మీద గౌరవంతో ఎంతమంది తల్లులు సగం పొట్టతో నెలలు మోశారో.

చక్కెర పరీక్షకు గ్లూకోజు నీళ్లు తాగించి రెండు గంటలు కూర్చోబెడతారు, మొదటిసారి ఒకటి, 24 నుంచి 28 వారాల మధ్య మరొకటి. ధనుర్వాతం సూది ఇస్తారు, తల్లికీ పసికందుకూ ఆ జబ్బు రాకుండా. మన తాతల కాలంలో బొడ్డు కోసిన కొడవలితో పోయిన పసిపిల్లలకు లెక్క లేదు. ఈ సూది వల్ల, ఆసుపత్రి కాన్పుల వల్ల 2015కల్లా దేశంలో ఆ సమస్య దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. రక్తం గ్రూపు నెగెటివ్ అయితే ఏడో నెల ప్రాంతంలో వేరే సూది కావాల్సి రావచ్చు, ఆ సంగతి కాన్పు చేసే ఊళ్లో కూడా తెలియాలి.

ఇప్పుడు మన గల్లీల వాళ్లను బాధపెట్టే విషయం. హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి పరీక్షలు రాస్తారు. ‘మా అడ్రస్ చూసి రాశారు’ అని మన ఆడపిల్లలు కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. ఒకచోట కౌంటర్ దగ్గర మనిషి అడ్రస్ చదివి, మా ఇంటి ఆడపిల్లను పైనుంచి కిందికి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ చూపు తప్పే, దానికి నిలదీసే హక్కు మనకుంది. కానీ ఆ పరీక్ష అడ్రస్‌ని బట్టి కాదు. మలబార్ హిల్‌లో ఉన్న గర్భిణికీ, జగిత్యాలలో ఉన్న గర్భిణికీ అదే రాస్తారు. కారణం ఇది: తల్లికి హెచ్‌ఐవీ ఉండి మందులేవీ వాడకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకుతుంది, మందులు వాడితే 5 కంటే తక్కువ. పరీక్షకు ముందు మీ ఒప్పుకోలు అడగాలి, ఫలితం మీ అనుమతి లేకుండా ఇంకొకరికి చెప్పకూడదు. 2017 చట్టం ఆ మాట స్పష్టంగా చెబుతుంది. అడ్రస్ దాచి అన్నయ్య ఇంటి చిరునామా రాయించేవాళ్లున్నారు. దానివల్ల ఆశా సేవిక వేరే ఇంటికి వెళ్లి తలుపు కొట్టి వెనక్కి పోతుంది. మన అడ్రస్ మనదే, అక్కడి గోడలు లేపింది మన ముత్తాతలు.

సోనోగ్రఫీ దగ్గర ఆధార్ అడిగి ఫారం నింపిస్తారు, సంతకం పెట్టిస్తారు. ఆడా మగా చెప్పడం నేరం. ఈ నిషేధం మొదట తెచ్చిన రాష్ట్రం మన మహారాష్ట్రే, 1988లో, దేశానికంతటికీ 1994లో చట్టమైంది. తెలంగాణకు పోయి అడిగితే చెబుతారట అనుకునేవాళ్లకు: అక్కడ కూడా అదే చట్టం. 18 నుంచి 20 వారాల మధ్య చేసే స్కాన్ బిడ్డ అవయవాలన్నీ సరిగ్గా ఉన్నాయా అని చూసేది, దాన్ని మాత్రం తప్పించుకోవద్దు.

ఇంటికి వచ్చి చూసే పద్ధతికి కూడా మన నాగ్‌పాడాతో చుట్టరికం ఉంది. 1927లో అమెరికన్ మరాఠీ మిషన్ ఇక్కడ నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ తెరిచింది, క్లిఫర్డ్ మాన్షార్ట్ దాన్ని నడిపాడు. 1936లో అక్కడే పుట్టిన సమాజసేవ శిక్షణ పాఠశాల ఇవాళ టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. చదువుకున్న మనిషి చాళ్ మెట్లెక్కి, గడపలో కూర్చుని, ఇంటి పరిస్థితి అడిగి రాసుకోవడాన్ని ఒక వృత్తిగా నేర్పిన తొలి చోటు మన గల్లీ. ఇప్పుడు ఆశా సేవిక వస్తే ‘తరువాత రా’ అని పంపకండి. ప్రధానమంత్రి మాతృ వందన డబ్బులు మొదటి కాన్పుకు 5000, రెండో కాన్పులో ఆడపిల్ల అయితే 6000. వాటికి కూడా పేరు రాయించిన తేదీ, చూపించుకున్న తేదీలు కావాలి, అవి ఆమె దగ్గరే నమోదవుతాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా చూస్తారు, ఇది 2016 నుంచి ఉంది. ఇక్కడా ఉంది, ఊళ్లోనూ ఉంది.

తల్లిగారింటికి పంపొద్దని నేను అనడం లేదు. తొలిచూలు కాన్పుకు తల్లి పక్కన ఉండటం కంటే మంచిదేముంది. ఇక్కడ పదడుగుల ఖోలీలో బాలింతకు నడుం వాల్చే చోటు కూడా ఉండదు. కానీ పోయే విధానం మార్చుకోవాలి. సీమంతం ముహూర్తం పెట్టేటప్పుడే డాక్టర్‌ని ప్రయాణం గురించి అడగండి. తొమ్మిదో నెల దాకా ఆగి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించకండి, రాత్రంతా రైల్లో నొప్పులు వస్తే నాందేడ్ దగ్గర దింపాల్సి వస్తుంది. బీపీ ఉన్నవాళ్లు, కవలలు ఉన్నవాళ్లు, మాయ కిందికి ఉందన్నవాళ్లు డాక్టర్ సరే అంటేనే కదలాలి. ఊరు చేరిన వారంలోనే అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించండి. మాతా శిశు రక్షణ కార్డు మీద ఉన్న ఆర్‌సీహెచ్ నంబర్ చూపిస్తే కొత్తగా మొదలుపెట్టనక్కర్లేదు, పాతదాన్నే ముందుకు తీసుకుపోవచ్చు. తెలంగాణ పథకాల డబ్బులు, కిట్లు మీకు వర్తిస్తాయో లేదో అక్కడి ఆశా కార్యకర్తను ముందే అడగండి, కాన్పు అయ్యాక కాదు. బిడ్డ పుట్టాక జనన నమోదు ఆ ఊళ్లోనే చేయించి, సర్టిఫికెట్ చేతికి వచ్చాకే బయల్దేరండి. టీకాల కార్డు కూడా వెంట తెచ్చుకోండి.

నెత్తురు కనబడినా, ఉమ్మనీరు పోయినా, తల పగిలే నొప్పితో కళ్లు మసకబారినా, ముఖం చేతులు ఉబ్బినా, బిడ్డ కదలికలు తగ్గినా తారీఖు కోసం ఆగకండి. ఇక్కడైనా అక్కడైనా 108కి ఫోన్ చేయండి. మగవాళ్లకు ఒక మాట: ఆ నంబర్ మీ ఫోన్లో ఉంటే చాలదు, మీరు డ్యూటీలో ఉన్నప్పుడు ఇంట్లో ఉండే ఫోన్లో ఉండాలి, అందులో బ్యాలెన్సు కూడా ఉండాలి.

కేసు పేపర్, కార్డు, సోనోగ్రఫీ రిపోర్టులు, రక్తం గ్రూపు కాగితం, ఈ నాలుగూ ఒకే ఫైలులో పెట్టండి. ప్రతి పేజీ ఫోటో తీసి భర్త ఫోన్లో ఒకటి, తల్లిగారి ఫోన్లో ఒకటి ఉంచండి. ఇక్కడి డాక్టర్లు, నర్సులు మరాఠీలో రాసిన మాటలు ఊళ్లో వాళ్లకు అర్థం కావు. వాటిని తెలుగులో పక్కన రాసిపెట్టడానికి మన సంఘం ఆఫీసులో ఆదివారం పొద్దున ఇద్దరు ముగ్గురం కూర్చుంటాం. మరాఠీ బాగా చదవగల ఆడపిల్లలెవరైనా సాయం వస్తే ఇంకా మంచిది, ఆడవాళ్ల కాగితాలు ఆడవాళ్లు చదవడమే మర్యాద. వచ్చేటప్పుడు జిరాక్సులు కాదు, అసలు ఫైలే తీసుకురండి.